మాస్టారిని అడగండి: మెడల్ సరే, ఎవరితో పోటీపడి గెలిచింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని కూర్చుంటే మార్కుల గురించి ఒక్కటీ లేదు. అన్నీ ఆటలు, ఒలింపియాడ్లు, సైన్స్ ఫెయిర్లు, యాన్యువల్ డేల గొడవే. కొన్నిటికి పొడుగ్గా రాశా, కొన్నిటికి రెండు ముక్కల్లో తేల్చేశా, ఏమనుకోకండి.

మాస్టారూ, మా అమ్మాయి ప్రైవేట్ స్కూల్లో ఎనిమిదో తరగతి. ఏటా మూడు నాలుగు ఒలింపియాడ్లు రాయిస్తారు, ప్రతిదానికీ ఫీజు, ప్రతిదానికీ మెడల్. షోకేస్ నిండిపోయింది. ఇవన్నీ రేపు ఐఐటీకి పనికొస్తాయని మా ఆయన అంటారు. నాకెందుకో నమ్మకం కుదరట్లేదు. – ఒక అమ్మ

మీ అనుమానమే కరెక్టమ్మా. ఒలింపియాడ్ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అందుకే స్కూళ్ళకి పేపర్లు పంపి, ఫీజు తీసుకుని, మెడళ్ళు పంపే సంస్థలు బోలెడు పుట్టుకొచ్చాయి. వాటిల్లో పేపర్ బాగుండేవి కూడా ఉన్నాయి, పిల్లలకి ఓఎంఆర్ షీట్ దిద్దడం అలవాటవుతుంది, అంతవరకు నేను కాదనను. కానీ షోకేస్‌లోంచి ఒక సర్టిఫికెట్ తీసి నిదానంగా చదవండి. "క్లాస్ టాపర్, గోల్డ్ మెడల్" అని ఉంటే, మీ అమ్మాయి క్లాసులో ఆ పరీక్ష రాసింది పదిమందైతే ఆ పదిమందిలో ఫస్ట్ వచ్చిందని మాత్రమే దానర్థం. అందుకే మెడల్ చూపించగానే నేనడిగేది ఒకటే, ఎంతమందితో పోటీపడితే వచ్చింది, ఇది గెలిచాక పైన ఇంకో మెట్టు ఉందా లేదా. పైన మెట్టే లేదంటే అది పోటీ కాదు, కొనుక్కున్న వస్తువు.

అసలు ఒలింపియాడ్ వేరే ఉందమ్మా, దాని గురించి చాలా స్కూళ్ళలో చెప్పనే చెప్పరు. లెక్కల్లో ఐతే మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష, ఈమధ్య ఏటా సెప్టెంబర్ మొదట్లో పెడుతున్నారు, ఎనిమిదో తరగతి నుంచి రాయొచ్చు. మూడు గంటల్లో 30 ప్రశ్నలు, 100 మార్కులు. ఎ, బి, సి, డి ఆప్షన్లు ఉండవు, ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు ఒక సంఖ్య, కాబట్టి గుడ్డిగా పెట్టేస్తే తగిలే ఛాన్స్ దాదాపు లేదు. అది దాటితే ప్రాంతీయ స్థాయి ఆర్ఎంఓ, అక్కడ మూడు గంటలకి ఆరే లెక్కలు, జవాబు రాస్తే చాలదు, ఎందుకలా వచ్చిందో మొదట్నుంచి చివరిదాకా రాసి ఒప్పించాలి. దాని తర్వాత జనవరిలో జాతీయ స్థాయి ఐఎన్ఎంఓ, ఆపైన ట్రైనింగ్ క్యాంపు, అందులోంచి ఆరుగురు దేశం తరఫున అంతర్జాతీయ ఒలింపియాడ్‌కి వెళ్తారు. 2024లో మన ఆరుగురు నాలుగు గోల్డ్ మెడళ్ళు తెచ్చి ప్రపంచంలో నాలుగో స్థానంలో నిలిచారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఆస్ట్రానమీలకి కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి, వాటన్నిటినీ చూసుకునేది ముంబైలోని హోమీ భాభా సెంటర్.

ఇక మీ ఆయనకి ఒక మాట. జేఈఈ ర్యాంకుకి షోకేస్‌లో ఉన్న మెడళ్ళు ఒక్క మార్కు కూడా కలపవు. అసలు ఒలింపియాడ్‌లో పై మెట్ల దాకా వెళ్ళినవాళ్ళని ప్రవేశ పరీక్షతో పని లేకుండా చూసే చోట్లు మాత్రం ఉన్నాయి, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిది.

మీ అమ్మాయికి ఇది పడుతుందో లేదో చూడాలంటే ఒక ఆదివారం ఈ లెక్క ఇవ్వండి, ఫోన్ తీసేసి, టైమ్ పెట్టకుండా. ఒకటి నుంచి వంద దాకా ఉన్న సంఖ్యలన్నీ గుణిస్తే వచ్చే జవాబు చివర ఎన్ని సున్నాలుంటాయి? చాలామంది పిల్లలు 10, 20, 30 లెక్కపెట్టుకుని 11 అంటారు. కాస్త ఆగినవాళ్ళు, 5 ని సరి సంఖ్యతో గుణించినా సున్నా వస్తుంది కదా అని 20 దాకా వస్తారు. 25, 50, 75, 100 ఈ నాలుగింట్లో రెండేసి ఐదులు దాక్కుని ఉన్నాయని పట్టుకున్నవాళ్ళు 24 అంటారు. ఆ పిల్ల 11 అన్నా నేను బాధపడను. తప్పని చెప్పాక జవాబు చెప్పమని అడిగిందా, "ఉండు ఉండు చెప్పకు" అందా అన్నదే నాకు కావాలి. రెండోదైతే మిగతా ఒలింపియాడ్ల ఫీజు మానేసి పాత ఐఓక్యూఎం పేపర్లు డౌన్‌లోడ్ చేసివ్వండి, అవి ఫ్రీయే.

సార్, నేను జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. కబడ్డీలో రైడర్‌ని. మొన్న మండలంలో గెలిచి జిల్లాకి వెళ్ళాం. నాన్నేమో వచ్చే ఏడు టెన్త్, ఇంక ఆటలు కట్టిపెట్టు అంటున్నాడు. సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వస్తుందా సార్? – ఒక రైడర్

ఉద్యోగం అన్నావు కాబట్టి ముందు అదే చెప్తా నాన్నా, ఎందుకంటే దీని గురించి గ్రౌండ్లలో చెప్పుకునేదాంట్లో సగం గాలి కబుర్లే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954 నుంచి ఉంది, అండర్-14, 17, 19 అని మూడు కేటగిరీలు, మండలం నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం, అక్కడ్నుంచి నేషనల్స్. సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకి పోటీని బట్టి వేర్వేరు ఫారాలున్నాయి, అందులో స్కూల్ పిల్లలకి వర్తించేది ఫారం-4, అది రాష్ట్ర జట్టు తరఫున నేషనల్ స్కూల్ గేమ్స్ ఆడినవాళ్ళకి, దానిమీద సంతకం పెట్టాల్సింది విద్యాశాఖలో స్కూల్ గేమ్స్ చూసే పెద్ద అధికారి. అంటే మండలం సర్టిఫికెట్, జిల్లా సర్టిఫికెట్ అక్కడ లెక్కలోకి రావు. నిన్ను నిరుత్సాహపరచడానికి చెప్పట్లేదు, నీ గురి ఎక్కడుండాలో తెలియడానికి చెప్తున్నా. రాష్ట్ర జట్టులో చోటు, అది నీ టార్గెట్.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు, చెప్పినా పిల్లలు వినరు. సర్టిఫికెట్ చేతికిచ్చిన రోజే అక్కడే నిలబడి పేరు చదువుకో. ఇంటిపేరు ముందుందా వెనకుందా, పుట్టిన తేదీ ఏం రాశారు, తండ్రి పేరు ఎలా ఉంది, ఇవన్నీ స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, ఎందుకంటే రేపు టెన్త్ మెమో మీద వచ్చేది ఆ పేరే. గ్రౌండ్ దగ్గర హడావిడిలో చేత్తో రాసే కాగితాలవి, ఒక అక్షరం మారితే ఆరేళ్ళ తర్వాత వెరిఫికేషన్‌లో ఆ కుర్రాడు పడే తిప్పలు చూస్తే జాలేస్తుంది, అప్పటికి ఆ సంతకం పెట్టినాయన రిటైరై ఉంటాడు. తప్పుంటే ఆ సాయంత్రమే పీఈటీ సార్‌కి చెప్పి మార్పించుకో. లామినేషన్ మాత్రం చేయించకు, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకో.

ఇప్పుడు మీ నాన్నగారికి. అయ్యా, ఆట మానిపిస్తే ఆ గంటన్నర పుస్తకం పట్టుకుంటాడని మీరనుకుంటున్నారు, నేను చూసినంతలో ఆ గంటన్నర ఫోన్‌కి పోతుంది. స్కూల్ గేమ్స్ సెలక్షన్లు, పోటీలు చాలావరకు విద్యా సంవత్సరం మొదటి సగంలోనే నడుస్తాయి, టెన్త్ పరీక్షలు మార్చిలో. కాబట్టి ఒప్పందం పెట్టుకోండి, సీజన్ అయ్యేదాకా ఆడతాడు, ఈలోపు పరీక్షల్లో మార్కులు ఇప్పుడున్నదానికంటే తగ్గకూడదు, సీజన్ అయ్యాక పొద్దున్న ఒళ్ళు వంచడానికి గంట తప్ప మిగతాదంతా చదువే. ఆటే జీవితమైపోవాలని నేననట్లేదు, అందరూ అంత పైకి వెళ్ళరు. కానీ వెళ్ళినవాళ్ళు ఎక్కడ మొదలెట్టారో కూడా చూడండి. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజిలో హర్డిల్స్‌కి సరిపోయే పొడవు, ఒంటి తీరు ఉన్నాయని ముందు గుర్తుపట్టింది స్కూల్ పీఈటీయే, 2023లో ఆవిడ 100 మీటర్ల హర్డిల్స్‌లో ఏషియన్ ఛాంపియన్ అయింది. వరంగల్ వైపు కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది, ఆ అమ్మాయి పరుగు కూడా ముందు కంటపడింది స్కూల్ గ్రౌండ్‌లోనే. వాళ్ళ ఇళ్ళలో కూడా ఎవరో ఒకరు ఆటలు కట్టిపెట్టు అనే ఉంటారు.

మా బాబుకి చెస్, కరాటే, కీబోర్డ్, డ్రాయింగ్, అబాకస్ ఐదు క్లాసులు పెట్టించాం, ఏడో తరగతికి వచ్చాడు, ఇప్పుడు ఏవి మానిపించాలి? – ఒక నాన్న

వారం రోజులు అన్నీ మానిపించండి. ఏది లేదని గొడవ చేస్తాడో అది ఉంచండి. దేనికీ గొడవ చెయ్యకపోతే, హాయిగా పడుకుంటే, ఆ పిల్లాడికి కావాల్సింది నిద్రేనండి.

నమస్తే సార్, నేను హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. ఇన్‌స్పైర్ మనక్‌కి ఐడియాలు పంపమంటే పిల్లలంతా యూట్యూబ్ చూసి అగ్నిపర్వతం, హైడ్రాలిక్ జేసీబీ అంటున్నారు. కొందరు పేరెంట్స్ ఐతే రెడీమేడ్ మోడల్ కొని తెచ్చేస్తున్నారు. వీళ్ళ దగ్గర కొత్త ఐడియా ఎలా రాబట్టాలి?

మేడమ్, మీ కష్టం నాకు తెలుసు. ముందు తెలియనివాళ్ళ కోసం చెప్తా, ఇన్‌స్పైర్ మనక్ కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం, నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ కలిసి నడిపే స్కీము. ఆరో తరగతి నుంచి పైవాళ్ళు పంపొచ్చు, స్కూల్ తరఫున ఐడియాలు ఆన్‌లైన్లో నామినేట్ చెయ్యాలి, సెలెక్టయితే మోడల్ తయారీకి పదివేలు నేరుగా పిల్లల బ్యాంక్ అకౌంట్లో పడతాయి. అక్కడే ఉంది అసలు విషయం, వాళ్ళు డబ్బిస్తున్నది ఐడియా చూసి, మోడల్ చూసి కాదు. కాబట్టి ముందే మోడల్ కొనుక్కొచ్చిన పేరెంట్‌కి నవ్వుతూ ఇది అక్కర్లేదండీ అని చెప్పేయండి.

ఐడియా చెప్పండర్రా అని క్లాసులో అడిగితే ఎవరూ చెప్పరు, పెద్దవాళ్ళమైనా మనం చెప్పగలమా. విసుగు అడగండి. "నిన్న ఇంట్లో గానీ బళ్ళో గానీ ఎవరు ఏ పని చేస్తూ విసుక్కున్నారు, చెయ్యి ఎక్కడ నొప్పెట్టింది, ఏది ఒలికిపోయింది" అని ఒక వారం రోజులు నోట్‌బుక్‌లో రాయించండి. మధ్యాహ్న భోజనం అన్నం గిన్నె ఇద్దరు చెరోవైపు పట్టుకుని తీసుకొస్తుంటే ఒకడు పొట్టిగా, ఒకడు పొడుగ్గా ఉండి గిన్నె ఒక పక్కకి ఒరుగుతుంది, వేడి గంజి పొట్టివాడి చేతి మీదకొస్తుంది. ఇది రోజూ చూస్తూనే ఉంటాం కదా. దాని పిడి ఎలా ఉంటే ఒరగదు అన్నది ఆరో తరగతి పిల్లకి అర్థమయ్యే ప్రశ్న, బోర్డు మీద రాస్తే ఇరవై జవాబులొస్తాయి, అందులో పద్దెనిమిది పనికిరావు, ఫర్వాలేదు. గద్వాల వైపు జడ్పీ హైస్కూల్ అమ్మాయి ఒకామె, మొక్కలు నాటేటప్పుడు ఆ నల్ల ప్లాస్టిక్ కవర్లు చించి పారేస్తున్నారు కదా అని, ఆ ప్రాంతంలో దండిగా దొరికే వేరుశనగ పొట్టుతో నేలలో కలిసిపోయే కుండీలు చేసింది, తర్వాత హైదరాబాద్‌లో ఇంజనీర్లు వాటికోసం మెషీన్ తయారుచేశారు. ఆ పొట్టు ఊళ్ళో అందరి కళ్ళముందూ ఉన్నదే.

ఒక్క జాగ్రత్త. పిల్ల చెప్పిన ఐడియాని మనం ఇంగ్లిష్‌లో పాలిష్ చేసి, ఐఓటీ, ఏఐ లాంటి మాటలు తగిలించి పంపిస్తే, ఎగ్జిబిషన్‌లో జడ్జి ఆ పిల్లని ఇది ఎలా పనిచేస్తుందమ్మా అని అడిగినప్పుడు బిక్కమొహం వేస్తుంది. తన మాటల్లోనే పంపండి.

సార్, మాది గవర్నమెంట్ స్కూల్, ఎనిమిదో తరగతి. క్లాస్ టీచర్ ఎన్ఎంఎంఎస్ రాయమంటున్నారు, నాకేమో ఎన్‌సీసీలో చేరాలని ఉంది. రెండూ కుదరవని ఫ్రెండ్స్ అంటున్నారు. – ఒక విద్యార్థిని

ఎందుకు కుదరవు తల్లీ, నీ ఫ్రెండ్స్‌కి ఎవరు చెప్పారో గానీ. ఎన్ఎంఎంఎస్ అంటే కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ కోసం రాసే ఒక్కరోజు పరీక్ష, రీజనింగ్ 90 మార్కులు, సబ్జెక్టులు 90 మార్కులు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సెలెక్టయితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000, అంటే మొత్తం 48,000. ఇది ఎనిమిదో తరగతిలో తప్ప మళ్ళీ రాయడానికి ఉండదు, కాబట్టి మీ టీచర్ మాట విను. వచ్చాక కూడా ఏటా ఆన్‌లైన్‌లో రెన్యువల్ చెయ్యాలి, టెన్త్‌లో 60 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి 55, ఇంటర్‌కి ప్రైవేట్ కాలేజీలో చేరితే ఆగిపోతుంది. చాలామందికి డబ్బు మధ్యలో ఆగేది తెలివి లేక కాదు, రెన్యువల్ మర్చిపోయి.

ఎన్‌సీసీ స్కూల్లో రెండేళ్ళు, ఎనిమిదిలో చేరితే తొమ్మిదితో అయిపోతుంది, టెన్త్‌కి అడ్డు రాదు. పరేడ్లకి 75 శాతం హాజరు, ఒక క్యాంపు పూర్తిచేస్తే 'ఎ' సర్టిఫికెట్ పరీక్ష రాయనిస్తారు. 'ఎ' తో పెద్దగా ఒరిగేదేం లేదని కొందరంటారు, నిజమే, అసలు బలం 'సి' కి ఉంది, డిగ్రీతో పాటు అది ఉంటే ఆర్మీ ఆఫీసర్ ఎంట్రీలో రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూ దాకా వెళ్ళే దారి ఉంది. కానీ పదమూడేళ్ళ పిల్ల ఇల్లు వదిలి పదిరోజులు టెంట్లో ఉండి, తన బూట్లు తనే పాలిష్ చేసుకుని రావడం సర్టిఫికెట్‌లో రాయరు. చేరు.

మాస్టారూ, పద్యాల పోటీలో ప్రతిసారీ సగంలో ఊపిరి అందక ఆగిపోతున్నాను. ఇంట్లో ఐతే బాగానే వస్తుంది. – పదో తరగతి, ఒక అమ్మాయి

భయం అనుకుంటున్నావు, కాదు, లెక్క తప్పుతున్నావు. ఇంట్లో కూర్చుని మెల్లగా గొణుక్కుంటావు, స్టేజ్ మీద గొంతెత్తుతావు, గొంతెత్తితే గాలి రెట్టింపు ఖర్చవుతుంది. మత్తేభమో శార్దూలమో ఐతే ఒక్కో పాదం 20, 19 అక్షరాలు, దాన్ని ఒక్క గుక్కలో చదవాలని ఎవరన్నారు? ఊపిరి తీసుకోవాల్సింది అర్థం విరిగే చోట, పాదం విరిగే చోట కాదు. పద్యం కాగితం మీద రాసుకుని, మాటకి మాట అర్థం తెలుసుకుని, ఎక్కడ ఆగితే అర్థం చెడదో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో, ఇక ఎక్కడ చదివినా ఆ గీతల దగ్గరే ఆగు. ప్రాక్టీస్ నిలబడి, గది ఆ చివరున్న తాతయ్యకో నానమ్మకో వినపడేంత గట్టిగా చెయ్యి. చివరి పాదం చివరి మాటని రాగం తీసి సాగదీయడం మాత్రం మానెయ్యి, జడ్జీలు ఆ రోజు అదే రాగం ముప్పైసార్లు విని ఉంటారు.

మాది ఆరొందల మంది పిల్లలున్న స్కూలు. యాన్యువల్ డే అయినా, క్విజ్ అయినా, జిల్లా పోటీలైనా ఎప్పుడూ అదే పదిమంది పిల్లలు. ప్రైజులన్నీ వాళ్ళకే. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టడానికే ఉన్నట్టుంది. టీచర్లేమో గెలిచేవాళ్ళని పంపకపోతే స్కూల్ పేరు పోతుందంటారు. – ఒక హెడ్మిస్ట్రెస్

మేడమ్, ఈ ఉత్తరం రాసిన హెడ్మిస్ట్రెస్ ఉన్న స్కూల్లో పిల్లలు అదృష్టవంతులు. చాలామందికి ఇది సమస్యలా కూడా కనపడదు.

ఆ పదిమంది ఎలా తయారయ్యారో వెనక్కి వెళ్ళి చూడండి. ఆరో తరగతిలో ఒక పిల్ల బాగా మాట్లాడింది, స్టేజ్ ఎక్కించారు, అలవాటైంది, ఇంకా బాగా మాట్లాడింది, మళ్ళీ ఎక్కించారు. పక్క బెంచీ పిల్లకి మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో కూడా పదో తరగతి దాకా తెలియలేదు. అది టాలెంట్ తేడా కాదండి, ఎన్నిసార్లు ఛాన్సిచ్చాం అన్న తేడా. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతోంది అప్పటికి. ఆమెతోపాటే ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్ళు మౌంటెనీరింగ్‌లో టాపర్లని ఎవరూ ఎంచలేదు, ఎందుకంటే అసలు ఆ ఆట ఆ గురుకులాల్లో ఎవరికీ తెలియదు. చాలామంది పిల్లల్ని భువనగిరి గుట్ట దగ్గరికి తీసుకెళ్ళి ఎక్కించి చూశారు, నిలిచినవాళ్ళని డార్జిలింగ్ పంపారు, అక్కడా నిలిచినవాళ్ళని చలికాలంలో లడఖ్ పంపారు. ముందు ఆ పదిమందినే పంపుదాం అనుకుని ఉంటే పూర్ణ పేరు మనకి తెలిసేదే కాదు.

మీరు చేయగలిగేవి నాకు తోచినవి చెప్తా. యాన్యువల్ డేలో ఒక్కో పిల్లకి ఒక్క ఐటమే అని రూల్ పెట్టండి, టీచర్లు గొడవ చేస్తారు, చెయ్యనివ్వండి. జిల్లా పోటీలకి గెలిచేవాళ్ళనే పంపండి, దాన్ని నేను తప్పుపట్టను, స్కూల్ పేరు కూడా కావాల్సిందే. కానీ స్కూల్ లోపల జరిగే పోటీల్లో ఆ పదిమందిని జడ్జీలుగా కూర్చోబెట్టండి, వాళ్ళకీ మంచిదే, ఓడిపోవడం ఎలా ఉంటుందో ఎప్పుడూ తెలియనివాళ్ళు కనీసం మార్కులెయ్యడం ఎంత కష్టమో తెలుసుకుంటారు. స్టేజ్ ఎక్కనంటే ఎక్కనని భీష్మించుకునే పిల్లలుంటారు, వాళ్ళకి స్కోర్ బోర్డు, లైట్లు, సౌండు, కర్టెన్, గ్రౌండ్‌లో సున్నం గీతలు, వాలీబాల్ అంపైరింగ్, ఇవన్నీ అప్పజెప్పండి, బ్రోచర్‌లో వాళ్ళ పేర్లు కూడా ఆడినవాళ్ళ సైజులోనే వెయ్యండి. 2020 విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకి పదిరోజులు బ్యాగ్ లేకుండా ఏదైనా చేతిపని నేర్పమంది కదా, ఆ రోజుల్ని సినిమా వేసి గడిపెయ్యకుండా వడ్రంగి దగ్గరో, కుమ్మరి దగ్గరో కూర్చోబెట్టండి, క్లాసులో నోరెత్తని పిల్లాడు అక్కడ ఎలా ఉంటాడో మీ టీచర్లని చూడమనండి.

ఇంకా ఒకటి. అసెంబ్లీలో ప్రైజులు ప్రకటించేటప్పుడు ఎప్పుడైనా "పోయినసారి ఆఖర్న వచ్చి ఈసారి నాలుగో స్థానానికి వచ్చినవాళ్ళు" అని కూడా పిలవండి. కాగితం ముక్క కూడా అక్కర్లేదు దానికి.

సార్, మా అబ్బాయికి ఎన్‌టీఎస్ఈ కోచింగ్ ఇప్పిస్తామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఫోన్ చేశారు. కట్టమంటారా? – ఒక పేరెంట్

కట్టకండి. ఎన్‌టీఎస్ఈ అంటే జాతీయ స్థాయి టాలెంట్ స్కాలర్‌షిప్ పరీక్ష, ఆ స్కీము గడువు 2021 మార్చి 31తో అయిపోయింది, ఆ తర్వాత పరీక్ష ఆపేశారు. మళ్ళీ ఫోన్ చేస్తే నోటిఫికేషన్ పంపించండి అని ఒక్కమాట అడగండి, ఇంక చెయ్యరు.